బావ వేళ్లు

బావ కుడిచేతి వేళ్లు మూడు విరగ్గొట్టి తీరతానని ఫిట్టరు మా గేటు దగ్గర నిలబడి అరిచిన రోజున వీధిలో అందరూ కిటికీలు మూసుకున్నారు. నేను ఉన్న కిటికీ చాలక తలుపు కూడా తెరిచాను. అద్దెకున్నవాళ్ల గొడవల్లో తలదూర్చొద్దని మా ఆయన నలభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. తలదూర్చకపోతే ఏం జరిగిందో తెలిసేదెలా?

మా ఇంట్లో మూడు వాటాలు. ముందు వాటాలో మేము, మధ్య వాటాలో బావా ఆయన భార్యా, వెనక గదిలో ఆమె తమ్ముడు ఫిట్టరు. పొద్దున లేచింది మొదలు ఫిట్టరు నోట "అక్కా, బావా" అన్న కేకలు విని విని, ఆ ఇద్దరూ వీధి మొత్తానికి అక్కా బావా అయిపోయారు. కొడుకు వయసువాణ్ణి పట్టుకుని నేను కూడా బావ అనే పిలుస్తుంటే మొదట్లో మా ఆయన ఉలిక్కిపడేవాడు. తర్వాత ఆయనకూ అలవాటైంది.

బావ ఏం పని చేస్తాడో అర్థం చేసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. నేను ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని. అయినా అడగడానికి చదువెందుకు, నోరుంటే చాలు. పెద్ద భవనాల్లో గాలి తోలే ఫ్యాన్లు, నీళ్ల పంపులు, దీపాలు ఎవరూ మీట నొక్కకుండానే వాటంతటవే నడుస్తుంటాయి. వాటిని నడిపేది గోడకు బిగించిన ఒక చిన్న పెట్టె. కంట్రోలరు అంటారు. కొత్త పెట్టెకు ఏమీ తెలియదు. బావ వెళ్లి తన లాప్‌టాప్‌ను తీగతో దానికి తగిలించి, ఏ ఫ్యాను ఎన్నింటికి తిరగాలో, ఎంత ఉక్కపోస్తే ఎంత గాలి వదలాలో నేర్పి వస్తాడు. అలా నేర్పాలంటే ముందు లాప్‌టాప్‌లోకి ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవాలి. పెట్టెలు మారినప్పుడల్లా అదీ మారుతుంది. పాతది పీకెయ్యాలి, లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాలి, కొత్తది ఎక్కించాలి, కంపెనీవాళ్లు పంపిన అనుమతి అందులో వెయ్యాలి.

ఈ ఎక్కించే పని మాత్రం బావ మా వరండాలోనే చేసేవాడు. అక్కడ గాలి బాగా వస్తుందని. తెర మీద ఒక నీలిగీత చీమలా పాకుతుంటే, దాని ముందు గంటసేపు కదలకుండా కూర్చునేవాడు.

"ఇంతసేపు ఊరికే చూస్తావేం బావా? లేచి కాఫీ తాగరాదూ?"

"మధ్యలో ఏదో అడుగుతుంది పిన్నీ. చూడకుండా సరే అన్నామా, కొంప మునుగుతుంది."

లోపలినుంచి అక్క గొంతు వినిపించేది. "ఆ గీత మీదున్న ఓర్పులో పావు వంతు మనుషుల మీద ఉంటే నాకీ రాత ఎందుకు పిన్నీ?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. బావకు కోపం వస్తే నోరు లేవదు, చెయ్యి లేస్తుంది. పాలవాణ్ణి కొట్టాడు, బస్సు కండక్టర్ని కొట్టాడు. అక్కను కూడా పెళ్లయిన కొత్తలో ఒకసారి కొట్టాడట. ఆమె మాట్లాడకుండా వెళ్లి నీళ్ల బకెట్టు తెచ్చి, నీళ్లు మీద పోసి, తర్వాత బకెట్టు కూడా నెత్తిన వేసింది. ఆ కుట్ల గుర్తులు ఇప్పటికీ బావ నుదుటి మీద కనిపిస్తాయి. మళ్లీ ఆమె మీద చెయ్యెత్తలేదు.

అవే చేతులు తీగల దగ్గరకొచ్చేసరికి మెత్తబడిపోయేవి. సన్నగా పొడుగ్గా ఉండే వేళ్లు. వెంట్రుకంత తీగను కంటికి ఆనని రంధ్రంలోకి చూడకుండా దూర్చేవాడు. "నాకు చదువు రాలేదు పిన్నీ, ఈ పదే వచ్చాయి" అని వేళ్లు చాపి చూపించేవాడు. వైర్‌మన్‌గా మొదలుపెట్టి, ఎవరో పారేసిన కంప్యూటర్ మీద నేర్చుకుని, ఇంతవాడయ్యాడు.

ఫిట్టర్ని పెంచింది కూడా ఈయనే. అక్క పెళ్లినాటికి వాడికి ఎనిమిదేళ్లు, తల్లి లేదు. అక్కతోపాటు వచ్చేశాడు. బావ వాణ్ణి బడికి పంపితే వాడు మాస్టారి చెయ్యి కొరికి ఇంటికొచ్చాడు. ఇంక లాభం లేదని స్పానర్లు చేతికిచ్చి పని నేర్పాడు. ఇప్పుడు వాడికి ఇరవై ఆరు. దున్నలా ఉంటాడు. వాడి కోపం ముందు బావ కోపం పసిపిల్లాడి మారాం.

ఇద్దరూ జంటగా పనికి వెళ్లేవాళ్లు. బావ కింద లాప్‌టాప్ దగ్గర, ఫిట్టరు పైన ఫ్యాను గదిలో. ఆ ఫ్యాన్లు మనిషెత్తు ఉంటాయి. బెల్టు మీద తిరుగుతాయి. బెల్టు బిగించాలంటే చెయ్యి లోపల పెట్టాలి. చెయ్యి లోపలుండగా పెట్టె ఫ్యాన్ని తిప్పిందంటే ఇంక చెప్పేదేముంది. అందుకని ఆ ఫ్యానుకు వెళ్లే తీగ మీద బొటనవేలంత ఫ్యూజు ఒకటుంటుంది. అది పీకేస్తే పెట్టె ఎంత మొత్తుకున్నా ఫ్యాను కదలదు. వీళ్లిద్దరి పద్ధతి ఏమిటంటే, బావ ఫోన్లో "జేబు?" అని అడుగుతాడు. అప్పుడు ఫిట్టరు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుని "జేబులో" అంటాడు. ఆ మాట వినకుండా బావ మీట నొక్కడు, ఆ మాట అడగకుండా ఫిట్టరు ఫ్యూజు పీకడు. పదేళ్లుగా అంతే. ఎవరూ కాగితం మీద రాసుకోలేదు.

ఆ మాటే ఒకరోజు ఆగిపోయింది.

తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో పాత పెట్టెలు తీసి కొత్తవి పెడుతున్నారు. కొత్తవాటితో మాట్లాడాలంటే బావ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవాలి. ఆ ముందురోజు ఆ భవనంలోనే, బురద బూట్లతో లోపలికి రావద్దన్న పాపానికి ఫిట్టరు అక్కడి సెక్యూరిటీ ఆఫీసర్ని ఒక్క గుద్దు గుద్దాడు. పన్ను ఊడి పాలరాతి నేల మీద పడింది. పని చేజారిపోతుందన్న భయంతో బావ అక్కడున్న నలభైమంది ముందే ఫిట్టరు చెంప పగలగొట్టాడు.

సాయంత్రం ఆ దెబ్బ ఇంటికొచ్చింది. బావ వరండాలో లాప్‌టాప్ తెరిచాడో లేదో ఫిట్టరు వెనకనుంచి వచ్చి కాలర్ పట్టుకున్నాడు.

"అందరి ముందూ కొడతావా? నన్ను?"

"వాడి పన్ను రాలగొట్టిన చేతికి దండ వెయ్యాలా?"

"వాణ్ణి కొట్టింది నేను. నీకేం నొప్పి?"

"కూడు పెట్టే చోటురా అది, కుక్కా!"

ఆ మాట నోట్లో ఉండగానే ఇద్దరూ కింద పడ్డారు. నా కుర్చీ కాలు విరిగింది, పూలకుండీ పగిలింది. ఫిట్టరు బావ తలను నేలకేసి రెండుసార్లు మోదాడు. బావ వాడి మోకాలి మీద తన్నాడు. అక్క వచ్చి ఇద్దర్నీ చీపురుతో బాదింది. మధ్యలో నాకూ రెండు తగిలాయి. చివరికి ఫిట్టరు నోట్లో రక్తం ఉమ్మేసి, "ఇంక నీతో మాట్లాడితే నన్ను చెప్పుతో కొట్టు" అన్నాడు. "నువ్వెవడివిరా నాతో మాట్లాడటానికి" అన్నాడు బావ. ఆ సాయంత్రం ఎక్కించాల్సిన సాఫ్ట్‌వేర్ ఎక్కలేదు.

మర్నాడు చెరొక బస్సులో చెరొక ముఖం పెట్టుకుని వెళ్లారు. పొద్దున పదకొండింటికి బావ భవనం కింది గదిలో ఆ ఎక్కించే పని మొదలుపెట్టాడు. ఇంట్లో అయితే లాప్‌టాప్‌కు ఏ తీగా ఉండదు. అక్కడ భవనం తీగ దానికి తగిలించే ఉంది. ఎప్పుడూ అయితే ఎక్కించేముందు ఆ తీగ పీకేవాడే. ఆ రోజు తల నొప్పిగా ఉంది, మనసు పైనున్నవాడి మీద ఉంది. నీలిగీత మధ్యలో ఏదో అడిగింది, సరే అన్నాడు. మళ్లీ అడిగింది, సరే అన్నాడు. ఆ రెండో ప్రశ్న ఏమిటంటే, ఎక్కడం అయ్యాక తీగకు అవతలున్న పెట్టెలన్నింటినీ కూడా మార్చెయ్యమంటారా అని. ముందే టిక్కు పెట్టి ఉందట. దాన్ని చదవాల్సిన ఒక్కరోజూ చదవలేదు. ఎక్కించడమే కదా, ఇంకా మీట నొక్కే దాకా రాలేదు కదా, జేబు సంగతి అప్పుడు ఎవరో ఒకరిచేత అడిగిద్దాంలే అనుకున్నాడు.

పైన ఫిట్టరు కూడా అదే అనుకున్నాడు. బావ అడగలేదు కదా, ఇంకా టైముంది. బెల్టు వదులుగా ఉంది, ఈలోగా బిగిద్దాం.

నీలిగీత పూర్తయింది. పెట్టెలు ఒక్కసారి ఆగి, కొత్త పాఠంతో కళ్లు తెరిచాయి. పగటిపూట ఫ్యాను తిరగాలన్నది ఆ పాఠం. తిప్పేశాయి.

కేక తొమ్మిదో అంతస్తు నుంచి కింది గదికి గాలి గొట్టాల్లోంచి వినిపించిందట. బావ మెట్లమీద పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి ఫిట్టరు ఫ్యాను గది బయట కూర్చుని, కుడిచెయ్యి పొట్టలో దాచుకుని, ఎడమచేత్తో నేల మీద దేనికోసమో వెతుకుతున్నాడు. మధ్య మూడు వేళ్లూ లేవు. రెండు దొరికాయి. మూడోది బెల్టు తీసుకుంది. బావ ఆ రెండూ తన రుమాలులో కట్టుకుని, వాణ్ణి భుజాన వేసుకుని తొమ్మిదంతస్తులు దిగాడు. లిఫ్టు ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఆస్పత్రిలో ఆ వేళ్లు అతుక్కోవన్నారు.

భవనంవాళ్లు వచ్చి ప్రశ్నలు వేశారు. ఫిట్టరు మంచం మీద పళ్లు కొరుకుతూ, "ఫ్యూజు పీకి జేబులో పెట్టుకున్నా. అయినా తిప్పాడు" అన్నాడు. బావ ఒక్క క్షణం వాడి వంక చూసి, "అవును, తప్పు నాదే" అని కాగితం మీద సంతకం చేశాడు. ఆ పని లోగుట్టు అక్కడ ఇంకెవరికీ తెలియదు కాబట్టి కాదనేవాడు లేడు. ఫిట్టరుదే తప్పని తేలితే చికిత్స కూడా చేయించకుండా వాణ్ణి వీధిలోకి తోసేస్తారని బావకు తెలుసు. ఈ సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది.

కానీ ఆ సంతకం ఫిట్టరు బుర్రలో ఇంకోలా పనిచేసింది. తప్పు తనదేనని బావే ఒప్పుకున్నాడు. అంటే కావాలనే చేశాడు. ముందురోజు తల నేలకేసి కొట్టినందుకు పగబట్టి తిప్పాడు. పడుకున్నా లేచినా అదే పాట. పదిరోజులకు ఇంటికొచ్చి, చేతి కట్టు కూడా విప్పకుండానే మధ్య వాటా తలుపు తన్నాడు. బావ తెరవగానే మీదపడి భుజం కండ నోటితో కరిచి పట్టుకున్నాడు. నలుగురు మగవాళ్లు లాగినా వదల్లేదు. నేను వాడి ముక్కు మూసి పట్టుకుంటే ఊపిరాడక వదిలాడు. నోటి నిండా బావ రక్తంతో గేటు దగ్గరికి వెళ్లి అప్పుడు అరిచాడు.

"మూడు వేళ్లు పోయాయి నాకు! మూడు వేళ్లు విరగ్గొడతా! ఆ తీగలు ఏ వేళ్లతో దూరుస్తావో నేనూ చూస్తా! నా చెయ్యి కాస్త ఆరనీ!"

"అప్పుడే రా" అన్నాడు బావ భుజం పట్టుకుని. "ఇక్కడే ఉంటా."

అందరూ బావకు ఇల్లు మారమని చెప్పారు. పోలీసులకు చెప్పమన్నారు. నేనూ చెప్పాను.

"ఎక్కడికి పోను పిన్నీ? వాడికి రెండు పూటలా అన్నం కలిపి పెట్టేది ఎవరు? ఎడమచేత్తో తినడం ఇంకా రాలేదు వాడికి."

నిజమే. అదీ ఆ ఇంటి తీరు. పగలంతా బావను చంపుతానని తిట్టిన నోటికి అక్క వెనక గదిలో కూర్చుని ముద్దలు పెట్టేది. పెడుతూ పెడుతూ ఏడ్చేది. నేను వెళితే కళ్లు తుడుచుకుని, "కారం ఎక్కువైంది పిన్నీ" అనేది. ఆమె మనసులో ఇంకేదో ఉందని నాకనిపించింది. నాలుగైదుసార్లు నాలుగైదు రకాలుగా అడిగాను. నా దగ్గర మాట దాచిన మనిషిని మా వీధిలో ఆమెనొక్కదాన్నే చూశాను.

నెల దాటింది. ఫిట్టరు వెనక గోడకు చెక్క ఒకటి ఆనించి ఎడమచేత్తో మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. పొద్దున్నే టక్ టక్ టక్. మొదట సుత్తి ప్రతిసారీ పక్కకు జారేది. పాపం, మళ్లీ పని నేర్చుకుంటున్నాడు అనుకున్నాను. టీ గ్లాసు పట్టుకెళ్లి, "ఇవాళ పదికి ఏడు సరిగ్గా తగిలాయిరా అబ్బాయ్" అని మెచ్చుకున్నాను కూడా. వాడు నవ్వాడు. ఎందుకు నవ్వాడో నాకు తట్టలేదు. నా తెలివి అక్కడ తెల్లారింది.

ఆ రోజు పొద్దున పదింటికి నేను వరండా పక్కనున్న పెరట్లో తాడు మీద దుప్పట్లు ఆరేస్తున్నాను. బావ వరండాలో చాప మీద కూర్చుని, వేరే భవనం కోసం అదే సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ మొదటినుంచి ఎక్కిస్తున్నాడు. తీగ పీకి దూరంగా చుట్టపెట్టాడు. తెర మీద అడిగిన ప్రతి ప్రశ్ననూ వేలు కింద పెట్టి పైకి చదువుతున్నాడు, బళ్లో పిల్లాడిలా. అక్క స్నానానికి వెళ్లింది. అప్పుడు టక్ టక్ ఆగిపోయింది.

తిరిగి చూసేసరికి ఫిట్టరు వరండా మెట్టు ఎక్కుతున్నాడు. ఎడమచేతిలో గుండ్రటి తల సుత్తి.

"లే."

బావ తెర మీదనుంచి కళ్లు తీయలేదు. "ఇంకా పావుగంట పడుతుంది."

"నాతో పరాచికాలా? లేవరా!"

పదేళ్లలో వాడు బావను రా అనడం నేను వినలేదు. నేను దుప్పటి అక్కడే పడేసి పరుగెత్తాను. వాడి చొక్కా వెనకనుంచి రెండు చేతులా పట్టుకుని వేలాడాను. ఈగను దులిపినట్టు దులిపాడు. వెళ్లి గోడకు తగిలి కూలబడ్డాను. నడుము ఇప్పటికీ ఆ రోజును గుర్తుచేస్తూనే ఉంది.

బావ లాప్‌టాప్ జాగ్రత్తగా పక్కకు జరిపాడు, తన్నులాటలో దానికి తగలకుండా. లేచి పెరట్లోని బట్టలుతికే బండ దగ్గరికి నడిచాడు. కుడిచెయ్యి దానిమీద పరిచి, వేళ్లు విడదీశాడు.

ఫిట్టరు ఇది ఊహించలేదు. పరిగెడతాడు, వెంటపడి పట్టుకుందాం అనుకుని వచ్చినట్టున్నాడు.

"పారిపోవేం?"

"పరిగెత్తితే సుత్తి తలకు తగులుతుంది. జైలుకు పోతావు. మూడు అన్నావుగా, ఇక్కడున్నాయి. కానియ్."

"ఎందుకు తిప్పావు? అది చెప్పు ముందు!"

"చూడలేదురా."

"అబద్ధం!"

"సరే, అబద్ధం. కొట్టు."

"నీ పొగరు..." అంటూనే కొట్టాడు.

ఆ చప్పుడు ఎలా ఉందో చెప్పను. అది విన్నాక నెలరోజులు మా వంటింట్లో ఎండుకట్టె కూడా విరవలేకపోయాను. బావ అరవలేదు. మోకాళ్ల మీద కూలిపోయాడు, చెయ్యి మాత్రం బండ మీదనే ఉంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు వెనక్కి తిరిగిపోయి ఉన్నాయి. రక్తం బండ వాలు వెంబడి సబ్బునీళ్లలో కలిసిపోతోంది.

"రెండే తగిలాయి" అన్నాడు బావ, మాట మాటకూ ఊపిరి అందక. "ఇంకొకటుంది. ముగించు."

ఫిట్టరు ముఖం తెల్లగా పాలిపోయింది. అయినా సుత్తి మళ్లీ లేచింది. కోపం కన్నా అది ఇంకేదో. మొదలుపెట్టిన పని ఎలా ఆపాలో తెలియనివాడి మొండితనంలా ఉంది.

అప్పుడు అక్క వచ్చింది. తడి జుట్టు, సగం చుట్టిన చీర. ఒక్క ఉరుకున వచ్చి తమ్ముడి జుట్టు గుప్పెట పట్టుకుని వెనక్కి లాగింది. వాడు వెల్లకిలా పడ్డాడు. సుత్తి లాక్కుని గోడ అవతలికి విసిరింది. వాడి రొమ్ము మీద మోకాలు వేసి, అటు చెంపా ఇటు చెంపా, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టింది.

"ఆ రోజు నీ చొక్కా ఎవరు ఉతికార్రా? ఎవరు ఉతికారు? నేను! రక్తం వదలక మూడుసార్లు నానబెట్టాను. జేబు తిరగేసి ఉతికాను. ఏముందిరా అందులో? చెప్పు! ఫ్యూజు ఉందా? జేబులో పెట్టుకున్న ఫ్యూజు ఏదిరా?"

వాడు ఒక్క దెబ్బకు కూడా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"ఎక్కడో పడిపోయి ఉంటుంది..."

"పీకి ఉంటే ఫ్యాను ఎలా తిరిగింది? నాకు చదువు లేకపోవచ్చు, పదేళ్లుగా మీరిద్దరూ అన్నాల దగ్గర వాగే వాగుడు వింటున్నా!"

నేను గోడకు ఆనుకుని కూర్చునే, నొప్పిలో కూడా నోరు తెరిచి బావను చూశాను. ఈయనకు మొదటినుంచీ తెలుసన్నమాట! నా చూపుకు జవాబు చెప్పినట్టు బావ గొణిగాడు. "చెబితే వాడికి కట్టు కట్టేవాళ్లు కూడా కాదు పిన్నీ. అయినా అడగాల్సింది నేను. అడగలేదు."

"నాకూ తెలుసు" అంది అక్క వాడి మీదనుంచి లేస్తూ. "తెలిసీ నోరు మూసుకున్నా. చెబితే తమ్ముడు పోతాడు. చెప్పకపోతే... అదిగో, మొగుడి చెయ్యి. తమాషా చూస్తూ కూర్చున్నా ఇన్నాళ్లూ."

ఫిట్టరు లేచి కూర్చున్నాడు. ముక్కునుంచి రక్తం కారుతోంది, తుడుచుకోలేదు. తన కుడిచేతి మొండి వంక చూశాడు.

"పీకలేదక్కా" అన్నాడు. "అడుగుతాడని చూశా. అడగనీ, అప్పుడు పీకుదాం అనుకున్నా. నేను ముందు మాట్లాడటమేంటి అనుకున్నా."

తర్వాత వాడి గొంతులోంచి వచ్చిన ఏడుపు వాడి కోపం కన్నా భయంగా ఉంది. నేను అడ్డుపడ్డాను.

"ఏడవడం తర్వాత ఏడుద్దువు గాని, ముందు ఆస్పత్రికి! మనిషి నెత్తురు కారి పోతున్నాడు!"

ఆటో పిలిచింది నేనే. బావ చేతికి నా దుప్పటి చింపి చుట్టాం. మెట్టు దిగలేక తూలుతుంటే ఫిట్టరు ఎడమచేత్తో నడుము పట్టుకుని ఎత్తాడు. బావ వద్దనలేదు. దగ్గరికి రావొద్దని అక్క గదమాయించింది, వాడు వినలేదు. ఆటోలో ఆ ముగ్గురూ వెనక, నేను డ్రైవరు పక్కన ఒరిగి కూర్చున్నాను. దారిలో ఆటోవాడు అద్దంలో చూసి, "యాక్సిడెంటా అమ్మా?" అన్నాడు.

"కాదు, చుట్టరికం" అన్నాను.

ఆస్పత్రిలో డాక్టరు దుప్పటి ముక్క విప్పి చూశాడు. వెంటనే ఇనుప పుల్లలు గుచ్చి ఎముకలు కూర్చితే వేళ్లు దక్కొచ్చు, ఆలస్యమైతే ఉంగరపు వేలు తీసెయ్యాలి అన్నాడు. ఆపరేషన్ కాగితం మీద దగ్గరివాళ్లు ఎవరైనా సంతకం పెట్టాలి. నర్సు కాగితమూ పెన్నూ అక్క ముందు పెట్టింది. అక్క పెన్ను అందుకుంది. పెన్ను రెండుసార్లు జారి కింద పడింది.

"నావల్ల కాదు" అంది తమ్ముడి వైపు చూడకుండా. "చేసినవాణ్ణే పెట్టమనండి."

ఫిట్టరు వంగి పెన్ను తీశాడు. ఎడమచేత్తో మేకు కొట్టడం నేర్చుకున్నాడు గాని పేరు రాయడం నేర్చుకోలేదు. కుడిచేతి మొండితో కాగితాన్ని అదిమి పట్టి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం గీస్తున్నాడు. స్ట్రెచర్ మీదనుంచి బావ తల తిప్పి చూస్తున్నాడు. కళ్లు మూతలు పడుతున్నా చూస్తున్నాడు.

"తొందరగా బాబూ" అంది నర్సు. "రోగికి మీరేమవుతారు?"

"బావమరిదిని." అక్షరం మీదనుంచి తలెత్తలేదు. "కొట్టింది కూడా నేనే."

రిజిస్టరులో రాసుకుంటున్న నర్సు చెయ్యి ఆగింది. నా వంక చూసింది, అక్క వంక చూసింది. స్ట్రెచర్ మీదనుంచి బావ తెరిచీ తెరవని నోటితో అన్నాడు.

"ఆ రెండోది రాయకండమ్మా. ఇది ఇంటి సంగతి."

"మీరు మాట్లాడకండి" అని నర్సు, "ముందు మొదటిది పూర్తి చెయ్యి" అని ఫిట్టరును గదమాయించింది. వాడు చివరి అక్షరం గీసి, కాగితం రెండుసార్లు చూసుకుని, సరిగ్గా ఉందా అన్నట్టు బావకు చూపించాడు. బావ తల ఊపాడు. స్ట్రెచర్ లోపలికి కదిలింది.

మూడు గంటల తర్వాత డాక్టరు బయటికి వచ్చాడు. వేళ్లు రెండూ నిలిచాయన్నాడు. ఉంగరపు వేలు మాత్రం ఇంక వంగదట.